బ్రౌన్ దొర, మా టూల్ డిస్క్రిప్షన్

మాది పాలకుర్తి పక్కన చిన్న ఊరు. జనగామలో రైలు దిగి, బస్సు పట్టుకుని పోతే గంట పైనే పడుతుంది. ఆ మండలంలో పుట్టినవాళ్ళకి ఒక బాధ ఉంటుంది. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడిది పాలకుర్తి, భాగవతం రాసిన పోతనది పక్కనే బమ్మెర. కాబట్టి చిన్నప్పటి నుంచి ఏ వక్తృత్వ పోటీ పెట్టినా ఈ ఇద్దరే గతి. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా పోతన మీద నేను ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కే లేదు. అందుకే ఈ సంచికకి మీ జిల్లా కవుల మీద రాయరా అని ఎడిటర్ అక్క అడిగితే చేతులు జోడించా. మా జిల్లాలో ఒక్కరోజు కూడా ఉద్యోగం చెయ్యని ఇంగ్లీషు దొర మీద రాస్తానన్నా. అక్క కాసేపు నా మొహం చూసి సరే అంది.

ఆ దొర చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన మీద నాకు భక్తి ఏమీ లేదు, అవసరం పడింది. ఆ అవసరం ఏంటో ముందు చెప్తా.

మేము నలుగురం ప్రాజెక్టు కింద ఒక ఏఐ ఏజెంట్ చేస్తున్నాం. ఫలానా పుల్ రిక్వెస్ట్ మీద రివ్యూలో ఎవరు ఏమన్నారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ మాట ఇంకా తేలలేదు అని అడిగితే తెచ్చి చెప్పాలి. చేసినవాళ్ళకి తెలుసు, ఏజెంట్ మన కోడ్ లోపలికి తొంగి చూడదు. దానికి కనిపించేది టూల్ పేరు, కింద ఒక డిస్క్రిప్షన్, ఏ పారామీటర్లు ఇవ్వాలో అది. ఆ కాస్త చదివే ఏ టూల్ పిలవాలో, వచ్చినదాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో తేల్చుకుంటుంది. ఆ కాస్త రాసే పని నాకు ఇచ్చారు, ఎందుకంటే నేను లిటరరీ క్లబ్ వాణ్ణి కదా. నేను రాసింది ఇది: పుల్ రిక్వెస్ట్ వివరాలు తెస్తుంది. నాలుగు మాటలు. చాయ్ తాగడానికి పోయా.

గిట్‌హబ్‌లో ఒక పుల్ రిక్వెస్ట్ మీద మాటలు మూడు చోట్ల పడతాయి. కింద మామూలుగా మాట్లాడుకునే కామెంట్లు ఒకటి. ఇవి ఇష్యూ కామెంట్ల దారిలో వస్తాయి. కోడ్‌లో ఒక లైను పట్టుకుని రాసే రివ్యూ కామెంట్లు రెండోవి. ఒప్పుకుంటున్నా, మార్చాలి అని మొత్తంగా ఇచ్చే రివ్యూ మూడోది. మా టూల్ తెచ్చేది మొదటివి మాత్రమే. నా నాలుగు మాటల్లో ఆ సంగతి లేదు. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ పేజీకి ఒక మార్పు పెట్టాం. ఒక జూనియర్ అమ్మాయి సరిగ్గా ఒక లైను దగ్గర ఆగి, ఇక్కడ పేరు పెట్టుకున్న అందరి ఫోన్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయి అని రాసింది. నేను ఏజెంట్‌ని అడిగా, ఏమైనా అభ్యంతరాలు ఉన్నాయా అని. లేవు అంది. మెర్జ్ కొట్టా. రాత్రంతా ఆ పేజీ అట్లాగే ఉంది. పొద్దున మా క్లాసమ్మాయి ఒకామె తెలియని నంబర్ల నుంచి వచ్చిన మెసేజ్‌లు చూపించింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఏజెంట్ అబద్ధం చెప్పలేదు. అది చూసిన చోట నిజంగానే ఏమీ లేదు. ఇంకో చోటు ఉందని దానికి చెప్పాల్సింది నేను.

దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆ డిస్క్రిప్షన్ తిరగరాస్తూ కూర్చున్నా. మా తాత తెలుగు పండిట్‌గా రిటైరయ్యాడు. ఏం రాస్తున్నవ్‌రా అని అడిగితే, ఒక పని గురించి ఏమీ తెలియని మనిషికి ఆ పని పేరు చెప్పి, అది ఏంటో, ఏది కాదో రెండు మూడు లైన్లలో చెప్పాలి తాతా అన్నా. తాత అల్మారా తెరిచి అట్ట ఊడిపోయిన బ్రౌన్ నిఘంటువు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. మనిషి జీవితమంతా అదే పని చేశాడు చూడు అన్నాడు.

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, చాలా భాషలు తెలిసినవాడు, పిల్లలకి కూడా ఇంట్లోనే నేర్పించాడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకి వెళ్ళిపోయింది. కుర్రవాడు హేలీబరీలో కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817లో మద్రాసులో దిగాడు. అంటే మనలో చాలామంది ఫస్టియర్‌లో చేరే వయసే. అక్కడ సెయింట్ జార్జి కోట కాలేజీలో కొత్త ఉద్యోగులు దేశభాష ఒకటి నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర బ్రౌన్ తెలుగు మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆయనకి తెలుగు అంటే ఒక సిలబస్.

1820లో కడప కలెక్టరుకి సహాయకుడిగా వేశారు. ఆ ఏడే థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. జనం భాష రాని అధికారి పనికిరాడన్నది మన్రో పట్టు. కడపలో బ్రౌన్‌కి ఎదురైన కష్టం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే డాక్యుమెంటేషన్ లేని కోడ్‌బేస్‌లో దిగినవాడి కష్టం అది. జనం మాట్లాడే తెలుగు ఒకటి. పండితులు చెప్పే వ్యాకరణం ఇంకొకటి, అది కూడా సంస్కృతం వచ్చినవాడికే అర్థమయ్యేది. పుస్తకాలేమో తాటాకుల మీద, ఎవరింట్లో ఏముందో తెలియదు. తెలిసినవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, తెలియనివాళ్ళకి చెప్పే పుస్తకం లేదు.

తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి. 1824లో ఫ్రెంచి పాదిరి దుబాయ్ పుస్తకంలో వేమన పేరు చూశాడు. ఒక తెలుగు కవి గురించి ఆయనకి ఒక ఫ్రెంచివాడి పుస్తకం చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి వేమన పద్యాల ప్రతులు ఎక్కడ దొరికితే అక్కడ నుంచి తెప్పించడం మొదలుపెట్టాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఉండదు. ఉన్నా మాటలు మారిపోతాయి. ఏది వేమనదో, ఏది తర్వాతివాళ్ళు కలిపిందో తెలియదు. అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 693 పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. అక్కడితో ఆగలేదు, 1839లో 1164 పద్యాలతో ఇంకో కూర్పు తెచ్చాడు. మన భాషలో వెర్షన్ టూ.

కడపలో ఆయన కొన్న బంగళా గురించి కొంచెం ఆగి చెప్పాలి. జనం దాన్నే బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. సర్కారుది కాదు, సొంత డబ్బు. పండితులకి, రాయసగాళ్ళకి జీతాలు తనే ఇచ్చేవాడు, అప్పులు చేసి మరీ. తను బదిలీ మీద ఊళ్ళు తిరుగుతున్నా అయోధ్యాపురం కృష్ణారెడ్డి అక్కడి వ్యవహారం చూసుకునేవాడు. పద్ధతి ఎట్లా ఉండేదంటే, ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం. వాటి నుంచి కాగితం మీద ఒక శుభ్రమైన నకలు రాయించడం, దాంట్లో దిద్దుబాట్లకి ఖాళీ జాగా వదలడం. తర్వాత పండితులు కూర్చుని పద్యం పద్యం చదువుతూ మిగతా ప్రతుల్లో ఉన్న తేడాలు చర్చించి, ఏ పాఠం నిలబడుతుందో తేల్చడం. ఆ తేలినదాన్ని రాయసగాడు ఎక్కించడం. జూలూరి అప్పయ్య వీళ్ళలో ముఖ్యుడు. వసుచరిత్రకి, మనుచరిత్రకి ఆయన రాసిన వ్యాఖ్యానాలు బ్రౌన్ పూనికతో 1844లో, 1851లో అచ్చయ్యాయి.

ఇది చదివినప్పుడు నేను నిజంగా నవ్వా. ఇన్ని బ్రాంచీలు, ఒక మెయిన్, లైను పట్టుకుని కామెంట్లు, ముగ్గురు నలుగురు రివ్యూయర్లు, చివర మెర్జ్. తేడా ఏంటంటే వాళ్ళు కామెంట్ చదవకుండా మెర్జ్ చెయ్యలేదు.

ఒక మాట ఇక్కడే అనేస్తా. పుస్తకాల మీద పెద్దక్షరాల్లో పడ్డది దొర పేరు. ఆ పండితుల్లో చాలామంది పేర్లు ఇవాళ పరిశోధకులకే తెలుసు. ఆయన కంపెనీ ఉద్యోగి, పన్ను వసూలు చేసే యంత్రంలో భాగం, ఆ జీతంతోనే ఇదంతా. మనవాళ్ళు కొందరు ఆయన్ని దేవుణ్ణి చేస్తారు, నాకు అది నచ్చదు. పోతన పద్యం మా ఊళ్ళో చదువు రాని ముసలమ్మలకి కూడా నోటికి వచ్చు, దానికి బ్రౌన్ అక్కరలేదు. కానీ అచ్చులో పడని, ఎవరి నోటా లేని పుస్తకాల సంగతి వేరు. అవి ఆయన చేతిలో పడకపోతే చెదలకే.

ఇప్పుడు గుంటూరు. ఇది చెప్పడానికే నిజానికి ఈ వ్యాసం మొదలుపెట్టా. 1832లో ఆయన అక్కడ ఉన్నాడు. నందన నామ సంవత్సరం. వానలు లేవు, పంట లేదు, జనం దారుల వెంట పడి చచ్చిపోయారు. గుంటూరు కరువు అని చరిత్రలో నిలిచిపోయింది అదే. కంపెనీ కాగితాల్లో ఇలాంటిదానికి మెత్తటి మాటలు ఉండేవి. ధాన్యం కొరత అనో, ఎద్దడి అనో రాసేవాళ్ళు. బ్రౌన్ తన కాగితాల్లో కరువు అని రాశాడు. ఆ మాటే ఉండాలని పట్టుబట్టాడు.

మాటలో ఏముంది అనిపించొచ్చు. మద్రాసులో కూర్చున్న అధికారి గుంటూరు చూడడు. ఆయన ముందున్నది కాగితం మాత్రమే. కొరత అని ఉంటే ధరల గురించి ఆలోచిస్తాడు, కరువు అని ఉంటే చస్తున్న మనుషుల గురించి ఆలోచించక తప్పదు. కాగితం మీద ఏ మాట ఉందో దాన్ని బట్టి ఏ పని జరగాలో తేలుతుంది. నా ఏజెంట్‌కి నేను రాసిన నాలుగు మాటలు, ఆ రాత్రి ఆ అమ్మాయి ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. పోలిక పెద్దదీ చిన్నదీ అని తెలుసు. ఆకలి ముందు ఫోన్ నంబరు ఎంత. అయినా గుర్తొచ్చింది.

1834లో బ్రౌన్ ఇంగ్లండుకి వెళ్ళాడు. అక్కడ లండన్‌లో కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు గుట్టలుగా పడి ఉన్నాయి. అవి ఏంటో చెప్పేవాడు లేడు, కాబట్టి అడిగేవాడు కూడా లేడు. ఆయన వాటిని గుర్తుపట్టి, రెండు వేలకు పైగా ప్రతులు మళ్ళీ మద్రాసుకి పంపించే ఏర్పాటు చేయించాడు. 1837లో తనూ తిరిగొచ్చాడు. ప్రభుత్వానికి పారశీక అనువాదకుడిగా చేరి, తర్వాత మద్రాసులోనే పోస్టుమాస్టర్ జనరల్ లాంటి ఉద్యోగాలు కూడా చేశాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. అదే ఏడు జంగాల మతాచారాల మీద, సాహిత్యం మీద పెద్ద వ్యాసం రాశాడు. అందులో మా పాలకుర్తి సోమనాథుడి బసవపురాణం కథ ఉంది. మా ఊరి పేరు జోలికి రాకుండా తప్పించుకుందామనుకుంటే ఇక్కడ కూడా దొరికిపోయా.

ఇక నిఘంటువు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, ఇంగ్లీషు-తెలుగుదీ ఆ రోజుల్లోనే. దసరా నాలుగు రోజులూ నేను ఆ అట్ట లేని పుస్తకమే తిప్పా. ఒక్కో మాట దగ్గర ఏం చేస్తాడో చూడండి. ముందు తెలుగు లిపిలో మాట. పలకడం రానివాడి కోసం రోమన్ అక్షరాల్లో అదే మాట. తర్వాత కుండలీకరణాల్లో ఏ భాష నుంచి వచ్చిందో. నామవాచకమా, క్రియా. తర్వాత అర్థాలు, ఒకటి కాకపోతే రెండు మూడు. చాలా చోట్ల ఆ మాట వాడిన వాక్యమో, ఏ కావ్యంలో ఉందో ఆ గుర్తో. పట్టు అనే మాటనే తీసుకోండి. పట్టుచీర పట్టు వేరు, కుస్తీలో పట్టు వేరు, గంట పట్టింది అన్నప్పుడు పట్టడం వేరు. తెలుగు వచ్చినవాడికి ఇవి కలగలిసిపోయినా ఇబ్బంది లేదు, సందర్భం చెప్పేస్తుంది. కొత్తవాడికి నామవాచకం ఎక్కడ అయిపోయి క్రియ ఎక్కడ మొదలవుతుందో చూపించాలి. ఆయన చూపిస్తాడు, ఎందుకంటే తను కూడా ఒకప్పుడు ఆ కొత్తవాడే. ఒకటి తెలిసిపోయాక, అది తెలియనప్పుడు ఎట్లా ఉండేదో గుర్తుపెట్టుకోవడమే కష్టం. నాకు మా టూల్ ఏం తెస్తుందో తెలుసు కాబట్టి నాలుగు మాటలు చాలనిపించాయి.

పండితులకి కోపం తెప్పించే పని ఇంకోటి కూడా చేశాడు. కావ్యాల్లో ఉన్న మాటలతో ఆగకుండా జనం నోట్లో, కచేరీలో నలిగే మాటలు కూడా ఎక్కించాడు. పారశీకం, అరబ్బీ, హిందుస్తానీ, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన మాటలకి వేరుగా మిశ్రభాషా నిఘంటువే వేశాడు, 1854లో. నిజాం ఏలుబడిలో బతికిన మావైపు వాళ్ళకి ఇది ప్రత్యేకంగా సంతోషం. మా తాత తన తండ్రి నాటి భూమి కాగితాలు చదవాలంటే వ్యాకరణం పనికిరాదు, ఆ మాటలు తెలియాలి. ఏది వాడుకలో ఉందో అది రాయాలి, మనకి ఏది ముద్దో అది కాదు. నేను పారామీటర్‌కి సంస్కృతం ధ్వనించే సొగసైన పేరు ఒకటి పెట్టి ఉన్నా. ఆ సాయంత్రమే తీసేసి, అందరూ వాడే పుల్ రిక్వెస్ట్ నంబర్ అనే పేరే పెట్టా. లింకు మొత్తం ఇవ్వొద్దు, నంబరు మాత్రమే ఇవ్వాలి అని పక్కన రాశా.

నిఘంటువులో తప్పులు లేవా అంటే ఉన్నాయి. అందుకే 1903లో వెంకటరత్నం, కాంప్‌బెల్, మన కందుకూరి వీరేశలింగం పంతులు కలిసి దాన్ని బాగా సవరించి రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం ఆన్‌లైన్‌లో బ్రౌన్ అని వెతికి చూసేది ఎక్కువగా ఆ సవరించిన పాఠమే. రాసినవాడు పోయినా మెయింటైనర్లు దొరికిన ప్రాజెక్టు.

1855లో ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకుని లండన్ వెళ్ళిపోయాడు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో కొంతకాలం తెలుగు ప్రొఫెసర్‌గా చేశాడు. తన సాహిత్య జీవితం గురించి చిన్న పుస్తకం రాసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబర్ 12న పోయాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి. కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి, చందాలు పోగుచేసి గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. నేనింకా చూడలేదు. సంక్రాంతికి మా ప్రాజెక్టు టీం నలుగురం పోదామనుకుంటున్నాం. రిజర్వేషన్ దొరికితే.

మా డిస్క్రిప్షన్ ఇప్పుడు ఇట్లా ఉంది. ఒక పుల్ రిక్వెస్ట్ కింద జరిగిన మామూలు చర్చలోని కామెంట్లు మాత్రమే తెస్తుంది. కోడ్ లైన్ల మీద రాసిన రివ్యూ కామెంట్లు ఇందులో రావు, వాటికి పక్క టూల్ వాడాలి. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు మార్పులు అడిగారు అన్నది మూడో టూల్. పేజీకి 30 వస్తాయి, ఇంకా ఉంటే తర్వాతి పేజీ అడగాలి. ఖాళీగా వస్తే ఈ చర్చలో కామెంట్లు లేవని అర్థం, అభ్యంతరాలు లేవని కాదు. ఈ చివరి వాక్యం రాయడానికి నాకు అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

టూల్ పేరు కూడా మార్చా. వివరాలు అనే మాట ఎక్కడా లేకుండా చూసుకున్నా.

ఈ మార్పుని పుల్ రిక్వెస్ట్‌గా పెట్టి, రివ్యూకి ఆ జూనియర్ అమ్మాయినే అడిగా. నాలుగో లైను దగ్గర ఒక కామెంట్ రాసింది. పక్క టూల్ అంటే ఏది అన్నా, ఏజెంట్‌కి పక్కన అంటే ఏం తెలుస్తుంది, పేరు రాయి అని. నిజమే. పేరు రాశా. ఇప్పటికి రెండు రోజులైంది, ఇంకా అప్రూవ్ చెయ్యలేదు.